ఉరుకుందమ్మ మౌసు చక్రం

ఎమ్మిగనూరులో మగ్గాలున్న వీధుల్లోకి పోయి ఉరుకుందమ్మ ఇల్లెక్కడ అని అడిగితే చాలామంది కాసేపు ఆలోచిస్తారు. రామలింగప్ప కూతురనో, సోమన్న భార్య అనో చెబితే వెంటనే చేయి చాపి చూపిస్తారు. ఆమె పేరు ఊళ్ళో అంతగా తిరగలేదు. ఆమె గీసిన నెమళ్ళు, హంసలు, రుద్రాక్షలు మాత్రం ముప్పై ఐదేళ్ళుగా చీరల అంచులెక్కి ఆదోని, కర్నూలు, రాయచూరు దాకా తిరుగుతున్నాయి.

ఆమె పని గ్రాఫు గీయడం. చీర అంచు మీద పువ్వు పూయాలంటే ముందు అది గళ్ళ కాగితం మీద పూయాలి. ఒక్కో గడి ఒక్కో పోగు. రంగు నింపిన గడి దగ్గర పోగు పైకి లేస్తుంది, ఖాళీగా వదిలిన గడి దగ్గర కిందే ఉండిపోతుంది. ఆ గ్రాఫు చూసి దేవేంద్రప్ప లాంటివాళ్ళు అట్టలకు రంధ్రాలు కొడతారు. ఆ అట్టలన్నీ దండలా కుట్టి మగ్గం పైనున్న జకార్డు యంత్రానికి ఎక్కిస్తారు. నేసేవాడు కాలితో తొక్కిన ప్రతిసారీ ఒక అట్ట తిరిగి, ఏ పోగులు లేవాలో చెబుతుంది. గ్రాఫులో ఒక్క గడి తప్పు పడినా ఆ తప్పు చీర పొడవునా బెత్తెడుకొకసారి కనిపిస్తూనే ఉంటుంది. అందుకే ఉరుకుందమ్మ చిన్నప్పటి నుంచీ నిదానస్తురాలు. మాట్లాడేటప్పుడు కూడా ఒక మాట అన్నాక, అది సరిగ్గా పడిందా అని చూసుకుని గానీ రెండో మాట అనదు.

తండ్రి రామలింగప్పకు చూపు మసకబారడం మొదలైనప్పుడు ఆమెకు పద్నాలుగేళ్ళు. మొదట్లో ఆయన పెన్సిలుతో గీత గీసిస్తే ఆమె రంగు నింపేది. తర్వాత మూలలు ఆమెకే వదిలేశాడు. పదిహేడేళ్ళు వచ్చేసరికి అంచు మొత్తం ఆమే గీసేది, తండ్రి మంచం మీద కూర్చుని వింటూ ఉండేవాడు. ఏ వరసలో ఎన్ని గళ్ళు నింపిందో ఆమె పైకి చదవాలి. మొదటి నుంచి చివరికి ఒకసారి, చివరి నుంచి మొదటికి ఇంకోసారి. మొదటి నుంచి చదివితే కళ్ళు తమకు కావలసిందే చూస్తాయని ఆయన అనేవాడు. పని ముగిశాక కాగితం కింద ఆయన పేరు రాసేవాళ్ళు. అందులో అన్యాయం ఉందని ఇంట్లో ఎవరికీ తోచలేదు, ఆమెకు కూడా తోచలేదు. ఆయన పోయి ఏళ్ళు గడిచాక కూడా షావుకార్లు వచ్చి "రామలింగప్ప గ్రాఫు ఉండాదా" అనే అడిగేవాళ్ళు.

కాగితం మీద గీసే రోజుల్లో ఆమెకొక అలవాటు ఉండేది. గ్రాఫును గోడకు అంటించి, వెనక్కి వెనక్కి నడిచి గడప దగ్గర నిలబడి చూసేది. దగ్గర నుంచి చూస్తే గళ్ళే కనిపిస్తాయి, నెమలి కనిపించదు. గడప దగ్గర నుంచి చూస్తే నెమలి కనిపిస్తుంది, దాని మెడ ఎక్కడ వంకర పోయిందో తెలుస్తుంది. అప్పుడు మళ్ళీ గోడ దగ్గరికి పోయి ఆ గడి వెతికి పట్టుకోవాలి. ఒక అంచు పూర్తయ్యేలోపు గోడకూ గడపకూ మధ్య ఎన్నిసార్లు తిరిగేదో లెక్క లేదు.

కంప్యూటరు ఆమె నలభై ఏడో ఏట వచ్చింది. అప్పటికి ధర్మవరం వైపు నుంచి కంప్యూటరులో గీసిన డిజైన్లు రావడం మొదలై, ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వీధి చివర కృపారాణి అనే అమ్మాయి ఆడవాళ్ళకు కంప్యూటరు నేర్పే చిన్న కేంద్రం నడిపేది. ఉరుకుందమ్మ ఒక ఉదయం చేతిలో గ్రాఫు చుట్ట పట్టుకుని అక్కడికి పోయి, ఇది ఆ పెట్టెలో గీయడానికి అవుతుందా అని అడిగింది. పక్కన కూర్చున్నవాళ్ళంతా ఆమెకు కూతుళ్ళయ్యే వయసువాళ్ళు. ఆరు నెలలు రోజూ పోయింది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం అక్కడే వచ్చింది.

తర్వాత కృపారాణికి మైదుకూరు సంబంధం కుదిరి కేంద్రం మూసేసింది. పోయే ముందు అక్కడున్న వాటిలో కాస్త బాగున్న కంప్యూటరును ఉరుకుందమ్మ ఇంటికి చేర్పించి, దాన్ని నడిపించే లినక్స్ వేసి, బొమ్మలు గీసే ప్రోగ్రాము పెట్టించింది.

"ఇది ఎవరిదీ కాదక్కా. ఎవరికి వాళ్ళు రోంత రోంత రాసి అందరికీ వదిలేసినారు. నీ పాత మిషను మీద కూడా బరువు లేకుండా నడుస్తాది" అంది.

"రాసినోళ్ళకు ఏం వస్తాది మల్ల?"

కృపారాణి నవ్వింది. ఉరుకుందమ్మకు మాత్రం ఆ మాట చాలా రోజులు మనసులో తిరిగింది. ముఖం తెలియని వాళ్ళెవరో గీసి వదిలేసిన దాని మీద తాను గీస్తున్నట్టు అనిపించేది.

కంప్యూటరులో ఆమెకు అన్నింటికన్నా నచ్చింది మౌసు మీదున్న చక్రం. ఎడమచేత్తో ఒక మీట నొక్కి పట్టుకుని కుడి వేలితో చక్రాన్ని పైకి తిప్పితే బాణం ఉన్న చోటే బొమ్మ పెద్దదవుతూ వచ్చి ఒక్కొక్క గడీ విడివిడిగా నిలబడేది. కిందికి తిప్పితే గళ్ళన్నీ కలిసిపోయి నెమలి అయ్యేది. గోడ దగ్గర నుంచి గడప దాకా నడిచే పనంతా ఒక వేలికి వచ్చేసింది. రెండేళ్ళ కిందట కొళాయి దగ్గర కాలు జారి పడి కుడి మణికట్టు విరిగినప్పుడు ఆ చక్రమే ఆమె పనిని నిలబెట్టింది. కట్టు విప్పాక చేయి సగమే తిరిగేది. మౌసును అటూ ఇటూ ఎక్కువ జరిపితే మోచేతి దాకా సలపరం వచ్చేది. చక్రం తిప్పడానికి మాత్రం ఒక్క వేలు చాలు.

ఇలా ఉండగా ఈ మధ్య ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం ఉరుములతో వాన పడి, కరెంటు రెండు మూడు సార్లు పోయి వచ్చింది. ఆ దెబ్బకు కంప్యూటరుకున్న యూఎస్‌బీ రంధ్రాలన్నీ పనిచేయడం మానేశాయి. మౌసు వాటిలోనే పెట్టి ఉండేది. బాణం తెర మీద ఎక్కడ ఉన్నది అక్కడే ఆగిపోయింది.

సోమప్ప సర్కిల్ దగ్గర కంప్యూటర్లు బాగుచేసే ఓబులేష్ వచ్చి వెనక రేకు విప్పి చూశాడు. మంచివాడే, పనిమంతుడు. "ఇది పాత బోర్డక్కా. ఈ రంధ్రాలకు మందు లేదు. కీబోర్డు పెట్టిన గుండ్రటి రంధ్రం చూడు, దాని పక్కన మౌసుకూ ఒకటుండాది. ఆ పిన్ను మౌసు ఇప్పుడు రావడం లేదు. మా అటక మీద పాత సరుకులో ఉంటే తెస్తా" అన్నాడు. రెండో రోజు దుమ్ము పట్టిన డబ్బా ఒకటి తెచ్చాడు. లోపల మౌసు కొత్తదే. చక్రం కూడా ఉంది. తగిలించి కంప్యూటరు వేయగానే బాణం కదిలింది. కుడి మీట, ఎడమ మీట పలికాయి. చక్రం మాత్రం తిప్పితే తిరుగుతోంది గానీ తెర మీద ఏమీ కదల్లేదు.

"మౌసు లోపల చెడిపోయినట్టుండాది" అన్నాడు ఓబులేష్.

"నీ అంగట్లో ఇట్లాంటి రంధ్రమున్న మిషను ఉండాదా?"

"ఒకటుండాది."

"దానికి పెట్టి సూద్దాం పా."

ఆమె మౌసును కొంగులో చుట్టుకుని అతని స్కూటరు వెనక కూర్చుని అంగడికి పోయింది. అక్కడ చక్రం తిప్పితే తెర మీది కాగితం సర్రున పైకీ కిందికీ పోయింది. ఓబులేష్ తల గోక్కున్నాడు. "అయితే తప్పు నీ లినక్సుదక్కా. దాన్ని తీసేసి అందరూ వాడేది వేసేస్తా. ఒక్క పూట పని."

"నా గ్రాఫులు?"

"అవి వేరే దాంట్లోకి ఎత్తి మల్ల పెట్టొచ్చు. కానీ ఆ బొమ్మల ప్రోగ్రాము ఇట్లే ఉంటాదని నేను చెప్పలేను. మిషను మాత్రం రోంత నిదానం అయితాది."

ఆమె ఆలోచించి, వద్దులే అంది. మగ్గంలో ఒక పోగు లేవకపోతే మగ్గాన్ని మార్చరు. పోగును లేపే కొక్కెం చూస్తారు, అట్ట చూస్తారు, అట్టలో రంధ్రం చూస్తారు. ఎక్కడో ఒకచోట ఆ తప్పు ఉంటుంది. మౌసు బాగుందని ఇప్పుడు తేలింది. అంటే మౌసు చెప్పిన మాట లోపల ఎవరో వినడం లేదు. ఆ ఒక్కటి కనుక్కుంటే చాలు అనుకుంది.

పని మాత్రం ఆగేలా లేదు. మాఘమాసం పెళ్ళిళ్ళకని దేవేంద్రప్ప ఒక అంచు అడిగి ఉన్నాడు. కోటకొమ్మల మధ్య ఎదురెదురుగా చూసే నెమళ్ళు, రెండు వందల నలభై కొక్కేల జకార్డు మీద. ఆయన అట్టలు కొట్టి ఇస్తేనే భర్త సోమన్న మగ్గం మీద కొత్త పడుగు ఎక్కేది. చక్రం లేకుండా ఆమె నాలుగు రోజులు పనిచేసి చూసింది. కీబోర్డు మీద మీట నొక్కితే కూడా బొమ్మ పెద్దదవుతుంది గానీ అది నడిమధ్య నుంచి పెరుగుతుంది, తాను చూడాల్సిన మూల తెర దాటి పోతుంది. మళ్ళీ దాన్ని వెతుక్కుంటూ మౌసును ఈడ్చాలి. నాలుగో రోజుకు మణికట్టు ఉబ్బి గాజులు బిగుసుకున్నాయి.

అయిదో రోజు పాత గళ్ళ కాగితం తీసి బల్ల మీద పరిచింది. ఇరవై గళ్ళు నింపేసరికి గీతలు ఒకదాని మీదికి ఒకటి జరిగినట్టు కనిపించాయి. అద్దాలు తుడుచుకుని మళ్ళీ చూసింది. తండ్రి ఎందుకు కాగితం తనకిచ్చి మంచం మీదికి జరిగాడో అప్పుడు ఆమెకు తెలిసొచ్చింది. ఆ రోజు ఆయన తన పెన్సిలును ఆమె వైపు జరిపాడు.

ఆ సాయంత్రం దేవేంద్రప్ప వచ్చాడు. ఇంకా సగమే అయిందని చూశాడు.

"తొందర పెడతాండానని అనుకోవద్దమ్మా. వేరే ఎవరికన్నా ఇద్దామంటే నాకు మనసు రాదు. నీ గ్రాఫుకు అట్టలు కొడితే తిరిగి చూసుకునే పనుండదు."

"పది రోజులియ్యప్పా" అంది ఉరుకుందమ్మ. పది రోజుల్లో ఏం జరుగుతుందో ఆమెకూ తెలియదు.

మరుసటి రోజు పొద్దున మైదుకూరుకు ఫోను చేసింది. కృపారాణి ఇప్పుడు ఒక బళ్ళో ఆఫీసు పని చూస్తోంది. ఉరుకుందమ్మ జరిగిందంతా వరసగా చెప్పింది, అంగట్లో వేరే మిషనుకు పెట్టి చూసిన సంగతితో సహా.

"నేను ఆ పని వదిలి ఐదేండ్లయిందక్కా. శానా మర్చిపోయినా. కానీ నువ్వు సగం పని చేసేసినావు. మౌసు మంచిదేనని తేల్చినావు కదా. ఇంగ నీ మిషను దాన్ని ఏమనుకుంటాందో సూడాల."

"అదెట్ల సూడాల?"

"ఆజ్ఞలు రాసే నల్ల కిటికీ తెరిచి ఒక మాట రాస్తే, తనకు తగిలించిన వాటి పేర్లన్నీ అదే చెప్తాది. ఆ మాట వాట్సాపులో పంపుతా. నీ మిషనుకు నెట్టు లేదు కదా, ఫోనులో చూసి చేత్తో కొట్టు. వచ్చింది ఫొటో తీసి పంపు."

ఉరుకుందమ్మ ఒక్కొక్క అక్షరం చూసి కొట్టింది. తెర నిండా వరసలు వరసలుగా ఏవో వచ్చాయి. ఫొటో పంపింది. కాసేపటికి ఫోను మోగింది.

"అక్కా, ఒక వరసలో నీ మౌసు పేరు ఉండాది. పీఎస్ టూ జెనెరిక్ మౌస్ అని."

"అవును, ఉండాది."

"చక్రమున్న మౌసు అయితే ఆ పేరులో వీల్ అనే మాట రావాల. నీ దాంట్లో రాలేదు. అంటే నీ మౌసుకు చక్రం ఉండాదని ఆ మిషనుకు తెలీనే తెలీదు."

"చక్రం తిరుగుతాంటే కూడానా?"

"తిరిగితే ఏం లాభం. దాని పుస్తకంలో ఆ మౌసు చక్రం లేనిదని రాసుకుంది. అందుకే ఆ వైపు వినడమే లేదు. ఎందుకట్ల రాసుకుందో నాకూ తెలీదు. రెండు రోజులియ్యి, వెదుకుతా."

రెండు రోజులన్నది మూడైంది. మూడో రోజు బడి మధ్యాహ్నం విరామంలో కృపారాణి ఫోను చేసింది. గొంతులో హుషారు వినిపిస్తోంది. ఎక్కడో దేశం కాని దేశంలో ఒకాయన పదేళ్ళ కిందట ఇదే అవస్థ పడి, తంటాలు పడి దారి కనుక్కుని, అందరూ చదివే చోట రాసి పెట్టాడట.

"మిషను లేసిన వెంటనే మౌసును పలకరిస్తాదంటక్కా. నువ్వు ఈ రకమా, ఆ రకమా అని వరసగా అడుగుతాది. ల్యాప్‌టాపుల్లో మౌసుకు బదులు వేలితో రుద్దే పలకలుంటాయి చూడు, అట్లాంటివి పది రకాలు. వాటి ప్రశ్నలన్నీ ముందు అడిగేసరికి ఈ పాత మౌసు తికమకపడి, చక్రం సంగతి అడిగేటప్పుడు బదులియ్యదంట. బదులు రాకపోతే చక్రం లేదని రాసేసుకుంటాది."

"మల్ల ఏం జేయాల?"

"ఆ ప్రశ్నలన్నీ వద్దు, చక్రం సంగతి ఒక్కటే అడుగు అని దానికి రాసి పెట్టాల. ఒక్క వాక్యం. పంపుతాండా. బడి గంట కొట్టినారు, నేను పోవాల. సాయంత్రం నాలుగు దాకా ఫోను ఎత్తలేను."

ఫోను పెట్టేశాక ఉరుకుందమ్మ వెంటనే లేవలేదు. రెండేళ్ళ కిందట చేనేతవాళ్ళ వివరాలు రాసుకోవడానికి ఒకాయన ఇంటికి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. మగ్గం ఎవరి పేరున ఉంది, రోజుకు ఎన్ని గంటలు నేస్తావు, ఆసు ఎవరు పోస్తారు, కండెలు ఎవరు చుడతారు అని ఆయన గబగబా అడిగాడు. మణికట్టుకు అప్పుడు కట్టు ఉంది. అన్నింటికీ లేదనో, భర్తే చేస్తాడనో చెప్పింది. గ్రాఫు గీస్తావా అన్న ప్రశ్న ఆయన కాగితంలో లేదు, అడగని దాన్ని చెప్పొచ్చని ఆమెకు తోచలేదు. పోయేటప్పుడు ఆమె పేరు ఎదురుగా గృహిణి అని రాసుకుపోయాడు. ఆ రోజు ఆమెకు బాధ కలగలేదు. ఇప్పుడు కూడా బాధ అనలేం. పక్కనున్న మౌసు వంక చూసి, వేలితో చక్రాన్ని ఊరకే ఒకసారి తిప్పింది.

తర్వాత పనిలోకి దిగింది. నల్ల కిటికీ తెరిచింది. అది రహస్య పదం అడిగింది. కొడుతుంటే తెర మీద చుక్క కూడా పడలేదు, మీటలు పనిచేయడం లేదేమోనని మొదటి నుంచి మళ్ళీ కొట్టింది. మూడోసారికి కుదురుకుంది. కృపారాణి పంపిన వాక్యాన్ని ఫోనులో పెద్దది చేసి పెట్టుకుని, దానితో పాటు పంపిన పేరుతో ఒక ఫైలు తెరిచి అందులో ఒక్కొక్క అక్షరం దించింది. ఆప్షన్స్, పీఎస్‌మౌస్, ప్రోటో, సమాన గుర్తు, చివర ఐ ఎం పీ ఎస్ అనే నాలుగక్షరాలు. భద్రపరిచి, కంప్యూటరును ఆపి మళ్ళీ వేసింది.

ఈసారి బాణమే కదల్లేదు. మౌసును జరిపింది, మీటలు నొక్కింది. బాణం తెర మధ్యలో మొద్దులా నిలబడిపోయింది.

పక్క గదిలో మగ్గం చప్పుడు ఆగింది. సోమన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ముప్పై ఏళ్ళలో ఆమె పనిలో వేలు పెట్టలేదు, ఆమె కూడా ఆయన మగ్గం జోలికి పోలేదు.

"ఏమైంది?"

"ఉన్నదీ పోయింది" అంది ఆమె.

ఆయన కాసేపు తెర వంకా, ఆమె చేతి వంకా చూశాడు. "ఓబులేషును పిలుస్తునా?"

"రోంచేపు ఆగు."

మధ్యాహ్నం రెండయింది. నాలుగు దాకా కృపారాణి ఫోను ఎత్తదు. భయం ఉంది గానీ, భయంలో కూడా ఆమెకు ఒక సంగతి అర్థమైంది. ఇందాకటి దాకా ఆ మిషను ఆమె మాట వినే లేదు. ఇప్పుడు ఏదో విన్నది, తప్పుగా విన్నది. అంటే ఆమె రాసింది సరైన చోటే పడింది. తప్పంతా ఆ ఒక్క వరసలోనే ఉండాలి.

మౌసు లేకుండా నల్ల కిటికీ తెరవడానికి మూడు మీటలు కలిపి నొక్కాలని కృపారాణి ఆ రోజుల్లో చెప్పి, గళ్ళ పుస్తకంలో రాయించింది. పుస్తకం వెతికి చూసి నొక్కితే తెరుచుకుంది. తాను రాసిన వాక్యాన్ని తెర మీదికి తెచ్చుకుని, ఫోనును పక్కన పెట్టుకుని, చివరి నుంచి మొదటికి చదవడం మొదలుపెట్టింది. ఎస్, పీ, ఎం, ఐ. అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి. సమాన గుర్తు దగ్గర ఆగింది. ఫోనులో ఆ గుర్తు అటు అక్షరానికీ ఇటు అక్షరానికీ అంటుకుని ఉంది. ఆమె మాత్రం చూడ్డానికి ముద్దుగా ఉండేలా, చేతి అలవాటు కొద్దీ అటొక ఖాళీ ఇటొక ఖాళీ వదిలింది.

ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదని ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఆ ఊళ్ళో తక్కువ. గ్రాఫులో ఖాళీ గడి కూడా ఒక ఆజ్ఞే, పోగును కిందే ఉండమని చెబుతుంది. అనవసరంగా రెండు గళ్ళు వదిలి తానే డిజైను చెడగొట్టింది. తనకు తానే నవ్వుకుని రెండు ఖాళీలూ తుడిపేసింది. ఇంకోసారి వెనక నుంచి చదివి, కంప్యూటరును ఆపి మళ్ళీ వేసింది.

ఈసారి బాణం కదిలింది. ఆమె నెమళ్ళ అంచు తెరిచి, ఎడమచేత్తో మీట పట్టుకుని చక్రాన్ని ఒక్క పన్ను పైకి తిప్పింది. నెమలి కన్ను ఆమె వైపు వచ్చింది. ఇంకో పన్ను తిప్పితే గళ్ళు విడివడ్డాయి. కిందికి తిప్పితే కలిసిపోయాయి. పది సార్లయినా అలాగే పైకీ కిందికీ తిప్పి ఉంటుంది.

నాలుగింటికి కృపారాణే ఫోను చేసింది. ఖాళీల సంగతి విని, "నేను చెప్పాల్సిండె అక్కా, మర్చిపోయినా" అంది.

"ఆయప్పకు ఒక మాట రాయొచ్చునా? ఆ దారి రాసి పెట్టినాయప్పకు. ఎమ్మిగనూరులో కూడా పనిచేసిందని."

"నేనూ అదే అనుకుని చూసినా. ఆ పేజీకి తాళం వేసినారు. పాతదైపోయిందంట, ఇంగ ఎవరూ బదులు రాసేకి కాదు."

ఉరుకుందమ్మ గళ్ళ పుస్తకాన్ని దగ్గరికి లాక్కుంది. "పోనీలే. ఆయప్ప పేరన్నా చెప్పు" అంది. కృపారాణి ఏదో చెప్పింది. అది మనిషి పేరులా లేదు, నాలుగక్షరాలు, రెండు అంకెలు. అయినా ఆమె దాన్ని గళ్ళ పుస్తకంలో, తాను రాసిన వాక్యం కింద ఎక్కించుకుంది.

ఆ తర్వాత అంచు ఆరు రోజుల్లో తయారైంది. దేవేంద్రప్పకు పంపే ముందు రోజు పొద్దున ఆమె దాన్ని చీర మొత్తానికి పరిచి చూసుకుంటోంది. సోమన్న పాత పడుగు దించేసి చేతులు కడుక్కుని అటుగా వచ్చాడు. చక్రం తిప్పుతుంటే నెమళ్ళు చిన్నవై, చిన్నవై, చివరికి చీర అంతా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తెర మీద ఒక్కసారిగా నిలబడింది. ఆయన అక్కడే ఆగిపోయాడు.

"ఇది మనం నేసే చీరేనా?"

"అవును. ఈ మాఘానికి."

ఆయన స్టూలు జరుపుకుని కూర్చున్నాడు. మగ్గం ముందు కూర్చున్నవాడికి కనిపించేది ఎప్పుడూ ఒక జానెడు బట్టే. నేసింది నేసినట్టు కర్రకు చుట్టుకుపోతుంది. కోసి మడత పెట్టాక షావుకారు దగ్గరికి పోతుంది. నలభై ఏళ్ళుగా నేస్తున్నా ఒక చీరను ఇలా మొత్తంగా చూసింది లేదని ఆయన అన్నాడు. అన్నాక ఇంకా ముందుకు వంగాడు.

"ఈ నెమలి తోక కాడికి రోంత పో."

ఆమె చక్రం పైకి తిప్పింది. తోక పెద్దదయింది.

"ఈడ. ఈడ పోగు శానా దూరం పైనే తేలుతాంది. కాళ్ళ మట్టెలకు తగులుకుని లాగుతాది. పోయినసారి హంసల అంచులో కూడా ఇట్లే ఉండె."

ఆమె అక్కడ వరసగా నిండిన గళ్ళు లెక్కపెట్టింది. తొమ్మిది. ఏడు దాటకూడదని తండ్రి చెప్పిన లెక్క. తోక వంపు అందంగా వచ్చిందని అక్కడ చూసీ చూడనట్టు వదిలేసింది.

"పోయినసారే ఏంటికి చెప్పలేదు?"

"నా కాడికి వచ్చేసరికి అట్టలైపోయింటాయి. చెప్పి ఏం జేసేది?" అన్నాడు సోమన్న మామూలుగా.

ఆమె నడిమి గడి ఒకటి ఖాళీ చేసింది. పోగు అక్కడ కిందికి దిగి మళ్ళీ లేచింది. దూరం జరిపి చూస్తే తోక వంపు ముందున్నంత నునుపుగా లేదు, కొంచెం విరిగినట్టుంది. ఆమెకు అది అంతగా నచ్చలేదు. ఆయనకు నచ్చింది. కాసేపు ఇద్దరూ దాన్నే చూశారు. ఖాళీని ఒక గడి పక్కకు జరిపింది. ఇంకో గడి జరిపింది. మూడోసారికి అది తోకలోని కన్ను పక్కన పడి, అక్కడ కావాలనే పెట్టినట్టు కలిసిపోయింది.

"అట్ల" అన్నాడు సోమన్న. లేవబోయి మళ్ళీ కూర్చున్నాడు. "ఇంగో పక్క నెమలి కూడా చూపించు."

ఆమె మౌసును ఆయన వైపు జరిపింది. పడుగు పోగులు అతికి అతికి మొద్దుబారిన వేలితో ఆయన చక్రాన్ని మొదట మరీ గట్టిగా నొక్కాడు. తర్వాత పట్టు దొరికి, నెమ్మదిగా, ఒక్కొక్క పన్నే తిప్పుకుంటూ రెండో నెమలి దగ్గరికి పోయాడు.